మహానందయ్య క్యాను

లీలావతి గ్యాసు గొట్టం మూతి దగ్గర అగ్గిపుల్ల గీసింది. మంట అందుకోలేదు. ఇంకో పుల్ల వేలు కాల్చి ఆరిపోయింది.

నంద్యాలలో ఉప్పుడు బియ్యం మిల్లు వెనక రేకుల షెడ్డులో ఆమెది రోజూ ఒకటే పని. మిల్లు వదిలే కంపునీళ్లు మోసి డ్రమ్ముల్లో పోయాలి. లోపలి సూక్ష్మజీవులు, ఆమె మాటలో పురుగులు, ఆ మురికి తిని గ్యాసు వదులుతాయి; తేరిన నీళ్లు పక్క మడికి పోతాయి. ఆమె అరచేతుల గీతల్లోకి నలుపు ఎక్కిపోయింది. పెళ్లిపంక్తుల్లో పక్కవాళ్లు విస్తరి జరుపుకుంటారు. ఆమె జరగదు, ఇంకో వడ్డన అడుగుతుంది.

ఇదంతా కనిపెట్టిన మహానందయ్య సారును ఊరు ‘మురుగయ్య’ అని ఎగతాళి చేసింది. ఆయన ఆ గ్యాసు మీదే టీ కాచి, నవ్వినవాళ్లకే పోశాడు.

ఏటా ఆయుధపూజకు సారు డ్రమ్ములకు పైపైన బొట్లు పెట్టనిచ్చేవాడు. ఈసారి ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు. సంతోషిస్తాడని లీలావతి డ్రమ్ములన్నీ ఖాళీ చేసి, బ్లీచింగు పౌడరుతో తోమి, పసుపు రాసింది. పురుగులన్నీ చచ్చాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు పేడనీళ్లు పోసి చూస్తోంది. సారుకు చెప్పే ధైర్యం రాలేదు.

మిల్లు మేనేజరు తొంగి చూశాడు. “మంటే లేకపోతే డ్రమ్ములెందుకమ్మా? రేపు ఎత్తించేస్తాం.”

“ఎవురొచ్చి ఎత్తుతారో నేనూ చూస్తా.”

గొంతు గట్టిగానే వచ్చింది. అతను వెళ్లాక మాత్రం డ్రమ్ముకు ఆనుకుని కూలబడింది.

ఆళ్లగడ్డలో రామసుబ్బమ్మ బర్రెల కొట్టం దగ్గర ఇలాంటిదే ఒక డ్రమ్ముంది. సారే ఇక్కడి బురద తీసుకెళ్లి, పాలకు తోడు వేసినట్టు అందులో వేశాడు. ఆ బురద తెచ్చి పోస్తే ఇక్కడ పురుగులు మళ్లీ బతుకుతాయి. సాయంత్రం బస్సెక్కింది. శిరివెళ్ల దాటాక సారు కూతురు కృష్ణకుమారి ఫోన్ చేసింది.

“నాయన పోయినాడు లీలక్కా.”

దిగి వెనక్కి పోవాలనిపించింది. ఏడ్చింది, దిగలేదు. తన చేత్తో చంపినవాటిని తన చేత్తోనే బతికించాలి.

చేరేసరికి రామసుబ్బమ్మ గడపలో దీపం వెలుగుతోంది. సంగతంతా విని ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“అయినా దీపం పెట్టినాక తోడు ఎవురిస్తారే? మా అత్త కాలం నుంచి ఇయ్యలే.”

“రేపటికి డ్రమ్ములే ఉండవక్కా. నువ్వియ్యకుంటే నేనే ముంచుకుంటా. దొంగనుకో.”

రామసుబ్బమ్మ లోపలికి పోయి పాత స్టీలు క్యాను తెచ్చింది. అప్పట్లో సారు బురద తెచ్చింది దాంట్లోనే.

“తోడు ఇయ్యను. ఇది ఆయప్ప క్యాను, నాకాడ ఉండిపోయింది. ఒకరి గిన్నె ఉత్తదిగా ఎట్లా తిరిగిచ్చేది?” అంటూ డ్రమ్ములో ముంచి నిండా తీసింది.

తిరుగు బస్సులో కండక్టరు ముక్కు మూసుకున్నాడు. “ఏందిమ్మా ఈ కంపు? దిగు, దిగు.”

“దిగను. దీనికీ టికెట్ కొట్టన్నా.”

ఆమె ఒళ్లో, మహానందయ్య అని పేరు చెక్కిన క్యాను మూత లోపలి గ్యాసుకు మెల్లగా లేచి పడుతోంది.