యెరికో దారిలో ఎందరు గుడ్డివాళ్ళు

చైనాకు మన ఇనుప గనుల ఎర్రమట్టి రేయింబవళ్ళు తరలిపోతున్న రోజులవి. నా తమ్ముడు పిచ్చయ్య మైన్స్ లారీ డ్రైవరు. అంగడి ముందు బండి ఆపి టీ తాగుతుంటే, వేరే లారీ ఎవరినో గుద్ది దుమ్ములో మాయమైంది. పడ్డవాణ్ణి ఆసుపత్రికి మోసుకుపోయిన పాపానికి కేసు వీడి నెత్తిన పడింది. ఆయన బతకలేదు. వీడికి జైలు తప్పించగలిగేది ఇద్దరే: టీ అంగడి కొట్రమ్మ, పక్కనే పంక్చర్లు వేసే హులిగెప్ప.

సోమవారం వాయిదా. శనివారం ఇద్దర్నీ బ్రూస్‌పేటలో మా ఇంటికి పిలిపించాను.

"ఒకటే లారీ అక్కా. ఆయప్ప రోడ్డు దాటతా ఉండాడు. తలమీద తడి తువ్వాలు ఏసుకోనుండాడు. గుద్దినప్పుడు అది ఆ లారీ అద్దానికి చుట్టుకోని దాంతోనే పాయె," అంది కొట్రమ్మ.

"ఏంది నీ కత? రెండు లారీలు పోటీ పడి వస్తాండాయి. ఆయప్ప అంచుకే నిలబడుండాడు. తువ్వాలు నేను చూడల్యా," అన్నాడు హులిగెప్ప.

నాకు ఒళ్ళు మండింది. ఇట్లా చెబితే సర్కారు వకీలు ఇద్దర్నీ నమిలి ఉమ్మేస్తాడు. ఇరవై ఏళ్ళుగా చర్చిలో పిల్లలకు బైబిలు పాఠం చెప్పేదాన్ని, నాకు తెలిసిన పనే చేశాను. ఇద్దరి మాటలూ కలిపి ఒకే కథ రాసి, ముక్క పొల్లుపోకుండా వచ్చేదాకా అప్పజెప్పించుకున్నాను. ఒక్కరే చూసిన తువ్వాలు కొట్టేశాను.

"నేను సూసినా గదక్కా," అని గొణిగింది కొట్రమ్మ. నోరు మూయించాను.

ఆదివారం పాఠం యెరికోలో చూపు వచ్చిన గుడ్డివాడిది. ఏటేటా చెప్పేందుకు మూడు సువార్తలూ ఒకే కథగా అతికించి నేను రాసుకున్న నోట్సు ఆ కంగారులో ఇంట్లోనే మరిచిపోయాను. బైబిలే తెరిచి చదివాను. మత్తయిలో ఇద్దరు గుడ్డివాళ్ళు. మార్కులో ఒక్కడే, పేరు బర్తిమయి. లూకాలో ప్రభువు ఊరు దగ్గరికి వస్తుండగా, మార్కులో ఊరు విడిచి పోతుండగా. ఇవన్నీ నాకు తెలిసిన తేడాలే. కానీ బర్తిమయి పైబట్ట పారేసి లేచి వచ్చాడన్నది మార్కు ఒక్కడే చెప్పాడు. కళ్ళతో చూసినవాడి మాటలా ఉంది అది. మిగతావాళ్ళు చెప్పలేదని దాన్ని ఎవరూ కొట్టేయలేదు. నాకు కొట్రమ్మ తువ్వాలు గుర్తొచ్చింది.

పాఠం మధ్యలో వదిలేసి ఆటో ఎక్కాను. రెండు అంగళ్ళకూ తాళాలే. కొట్రమ్మ దేశనూరులో కూతురింటికి పోయిందట, నేరుగా కోర్టుకే వస్తుందట. హులిగెప్ప ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. ఆ రాత్రి నేను కూర్చున్నదీ లేదు, పడుకున్నదీ లేదు.

సోమవారం మైన్స్ లారీల వరస రోడ్డంతా కట్టేసింది. ఆటో దిగి పరుగెత్తాను. నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి హులిగెప్ప సాక్ష్యం అయిపోయింది. బోనులో కొట్రమ్మ నేను రాసిచ్చిన చివరి మాట అప్పజెబుతోంది.

"హులిగెప్ప కూడా ఇదే చెప్పినాడు. ఒక్క మాట తేడా లేదు. ఎవరు నేర్పించినారమ్మా నీకు?" అన్నాడు సర్కారు వకీలు.

కొట్రమ్మ దిక్కులు చూసి, నేను కనబడగానే ఊపిరి పీల్చుకుంది. "మా బైబిలక్క. అదో, ఆడ నిలబడుండాది. యాడైనా తప్పినానా అక్కా?"

"తువ్వాలు," అని అరిచాను. "ఆ తువ్వాలు సంగతి చెప్పు కొట్రమ్మా."

కొట్రమ్మ గబగబా చెప్పింది, నిజం, చూసింది చూసినట్టు. వకీలు అడ్డుకోలేదు. అంతా విని జడ్జి వైపు తిరిగాడు.

"ఇదీ ఆమె అందించిందే గదా సార్. మీ ముందరే."

పిచ్చయ్య నా వైపు చూడలేదు.