పైవాడు దిగొచ్చిన మధ్యాహ్నం

వాకీటాకీలోంచి "దిగు" అని వినబడింది. ఆ వెనకే కాస్త గరగర, ఓ కీచు, ఆపైన నిశ్శబ్దం. క్రేన్ ఆపరేటరు ఇంక రెండో ఆలోచన పెట్టుకోలేదు. కొక్కేన్ని ఖాళీ చేసి పైకి లాగాడు. గాలి ఎటు తోస్తే క్రేన్ చెయ్యి అటు తిరిగేలా బ్రేకు వదిలాడు. నిచ్చెన పట్టుకున్నాడు.

సైట్లో అతన్ని అందరూ పైవాడంటారు. "సిగరెట్టు పారెయ్, పైవాడు చూస్తున్నాడు" అని తాపీవాళ్లు. "ఈ బరువు మోసేదెవరు, పైవాడే దిక్కు" అని సిమెంటు మూటలవాళ్లు. దేవుడికున్న ఇబ్బందే అతనికీ ఉంది: పేరు అందరి నోటా నలుగుతుంది గానీ మొహం చూసినవాడు లేడు. పొద్దున్న అందరికంటే ముందు ఎక్కుతాడు, సాయంత్రం అందరూ వెళ్లాక దిగుతాడు. మధ్యాహ్నం భోజనానికి కిందికి చేరేసరికి మిగతావాళ్లు తినేసి, మొహాలమీద తువ్వాళ్లు కప్పుకుని రేకుల షెడ్డులో వరసగా పడుకుని ఉండేవాళ్లు. ఆ తువ్వాళ్ల మధ్యే చోటు చూసుకుని క్యారియరు విప్పేవాడు. మాట లేకపోతే పోయింది, గురకైనా మనిషి గురకే కదా అని.

ఈ ఎండాకాలం ఆ గురకకీ ఎసరు పెట్టింది. వాతావరణ కేంద్రం ఇచ్చిన వేసవి అంచనాని ఇంజినీరు పొద్దుటి మీటింగులో చదివాడు. ఎండలు మామూలుకంటే ఎక్కువ. మధ్యాహ్నాలు అక్కడక్కడ ఉరుములు, మెరుపులు, ఈదురుగాలులు. పైవాడు పైనుంచే వాకీటాకీలో విన్నాడు. ఆ ఎండలో నిచ్చెన ఎక్కి దిగితే కళ్లు తిరిగి పడిపోతాడని, ఇకనుంచి అతని భోజనం బకెట్లో పైకే పంపాలని ఇంజినీరు తేల్చాడు. పాపం, మంచి మనసుతోనే. ఉరుము వినబడితే మాత్రం అందరూ పనులు ఆపి షెడ్డులోకి రావాలి, అందరికంటే ముందు పైవాడు దిగాలి.

ఎండ కాస్తే ఒంటరి, ఉరిమితే నలుగురిలో ఒకడు. ఉరుమంటే లోకం ఉలిక్కిపడుతుంది, ఇతను ఉవ్విళ్లూరాడు. ఉరిమే రోజున షెడ్డులో ఎవడూ పడుకోడు. పాత సైట్లలో చూశాడుగా. రేకులమీద వాన, చేతుల్లో టీ, అందరికీ మొహాలు.

రోజూ మధ్యాహ్నం దూరాన ఓ మబ్బు కాలీఫ్లవరు పువ్వులా పైకి ఉబికేది. కిందవాళ్లకి మేడలు అడ్డం, అది అతనికే కనబడేది. "ఇటు రావే తల్లీ, రోజూ పొరుగింటికేనా?" అని బతిమాలేవాడు. అది మూతి తిప్పుకుని అటే పోయేది.

పలకరిస్తే పలికేవాడు సిగ్నల్ వాడొక్కడే. కింద నిలబడి "ఎడమకి, ఇంకాస్త, ఆపు, దించు" అని చెప్పడం అతని పని. ఓ రోజు మాట మధ్యలో "బావా" అని కలిపాడు, ఇతనూ "బావా" అన్నాడు. గాలిలో కుదిరిన చుట్టరికం. ఆ బావ గురించి పైవాడికి తెలిసిందల్లా పసుపు హెల్మెట్టూ, దానిమీద ఎర్రరంగు ఒలికిన మరకా.

ఆవేళ మబ్బు ఇటు వచ్చినట్టే వచ్చి జారిపోతోంది. "పోతోంది బావా" అని చెప్పాడు. బావ ఏదో అన్నాడు. "దిగు" అని వినబడింది. దిగాడు.

కిందికి చేరేసరికి చొక్కా పిండితే బిందె నిండేలా ఉంది. మేస్త్రీ అడ్డం వచ్చాడు.

"ఎవరయ్యా నువ్వు? కొత్తా?"

"నేను పైవాణ్ని."

"అయితే నేను నీకంటే పైవాణ్ని. తప్పుకో!"

చుట్టూ మొహాలు. ముక్కులు, మీసాలు, చెమటలు. ఇన్నాళ్లూ నడినెత్తినుంచి చూసిన జనంలో ఎదురుగా ఒక్కరినీ ఆనవాలు పట్టలేకపోయాడు. గబగబా ఇటుకల దొంతరెక్కి తల వంచి చూశాడు. అదిగో ఎర్రమరక!

"బావా!"

మరక వెనక్కి వాలి, దానికింద ఓ మొహం బయటపడింది. వెడల్పాటి మొహం, ముందుపన్ను ఒకటి లేదు.

"ఓర్నీ, నువ్వా! ఇంత పొట్టిగా ఉన్నావేంటి బావా?"

నవ్వేలోపే ఇంజినీరు ఊడిపడ్డాడు. "స్లాబు సగంలో ఉంది! కాంక్రీటు ఎండిపోతోంది! ఉరుమేది? ఇతన్ని దిగమన్నదెవరు?"

పైవాడు నోరు తెరిచాడు. నొక్కి మాట్లాడటానికి వాకీటాకీ మీట లేదు. మొహం చూస్తూ మాట్లాడటం మరిచిన నాలుక మెదల్లేదు.

బావ అతనివంక ఓసారి చూశాడు. "నేనే సార్. ఉరిమినట్టు అనిపించింది."

"ఇప్పుడు ఉరుముతున్నాను, విను. రేపటినుంచి నువ్వు గేటు దగ్గర నిలబడు. సిగ్నల్‌కి వేరేవాణ్ని పెడతాను. నువ్వెక్కవయ్యా పైకి!"

నిచ్చెన మొదలు దగ్గర బావ మెల్లిగా అన్నాడు. "దిగులు పడకు అన్నాను బావా. నువ్వేమో దిగిపోయావు. పోన్లే, గేటు దగ్గర నీడుంటుంది."

పైవాడు ఎక్కాడు. ఎక్కేకొద్దీ మొహాలు మళ్లీ హెల్మెట్లయ్యాయి. క్యాబిన్లో క్యారియరు మూత తీయకుండా అలాగే ఉంది. మబ్బు పొరుగింటికి చేరిపోయింది. రేపటినుంచి "ఎడమకి" అనేవాడు ఉంటాడు. "బావా" అనేవాడు ఉండడు.

మీట నొక్కాడు. ఇంజినీరు చేతిలో, మేస్త్రీ నడుముకి, బావ భుజాన, అన్ని వాకీటాకీలూ ఒక్కసారిగా పలికాయి.

"సార్, పైనుంచి మాట్లాడుతున్నాను. అందరూ వినండి. బావ నన్ను దిగమనలేదు. మబ్బు పోతోందని నేను ఏడిస్తే, దిగులు పడకు అన్నాడు. నాకు దిగు వరకే వినబడింది. ఏ మాటనైనా తిరిగి చెప్పి, అవునా అని అడగాలని రూలు. నేను అడగలేదు సార్. అడిగితే కాదంటాడని."

కింద పసుపు హెల్మెట్లు ఒక్కొక్కటే వెనక్కి వాలాయి. చివరికి ఇంజినీరు తెల్ల హెల్మెట్టు కూడా. అన్నిటి కిందా మొహాలే. అంత ఎత్తునుంచి ఏది ఎవరిదో తెలియలేదు.

"సరే," అన్నాడు ఇంజినీరు. "సిగ్నల్‌లో అతనే ఉంటాడు. నువ్వు మాత్రం ఉరిమేదాకా దిగకు."

"ఉరిమేదాకా దిగకూడదు. అవునా సార్?"

"అవును."

మొహాలు మళ్లీ హెల్మెట్ల కిందికి వెళ్లిపోయాయి.

"ఎడమకి బావా," అంది ఎర్రమరక. "ఇంకాస్త."