పద్నాలుగు కణుపులు

"రేపెలా ఉంటదంటావ్, లీలా?" కింద అరుగు మీంచి మా ఆయన కేకేశారు. నేను డాబా మీద కొబ్బరి చెక్కలు తిరగేస్తున్నాను. పొద్దున్న వెల్లకిలా పరిచిన చెక్కల్ని సాయంత్రానికి బోర్లించాలి, లేకపోతే మంచు పట్టి లోపల బూజొస్తుంది. వెయ్యి చెక్కలు, ఒక్కోదాన్నీ చేత్తోనే. నడుం ఎత్తినప్పుడల్లా సముద్రం కనిపిస్తుంది. ఆయన అడిగింది ఎండ గురించి కాదు, వాన గురించీ కాదు. కెరటం గురించి. "బావుంటదండీ. ఏడు లోపు రమ్మనండి. ఎనిమిది దాటితే గాలి తిరిగిపోద్ది," అన్నాను. ఆయన లోపలికి వెళ్ళి ఫోను చేశారు. కిటికీలోంచి ఆయన గొంతు పైకి స్పష్టంగా వచ్చింది. "నా లెక్క ప్రకారం అండీ, రేపు ఏడు లోపు వచ్చేయండి. ఎనిమిది దాటితే గాలి తిరిగిపోద్ది." ఒక్క ముక్క కూడా మార్చలేదు. కాస్త మార్చి ఉంటే నాకంత బాధ ఉండేది కాదేమో. నా నోటి నుంచి తీసిన మాటను తుడవనైనా తుడవకుండా ఆయన నోట్లో పెట్టుకున్నట్టనిపించింది.

తొంభై ఆరు తుపానుకి ముందు మా డాబా మీంచి సముద్రం కనిపించేది కాదు, వినిపించేది. ఇంటికీ ఒడ్డుకీ మధ్య అర మైలు కొబ్బరితోట. నేను పుట్టింది ఈ ఇంట్లోనే. నాన్నకి మగపిల్లలు లేక కొత్తపేట నుంచి ఈయన్ని ఇల్లరికం తెచ్చుకున్నారు, ఈయన వెంట వాళ్ళమ్మగారూ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. అయినా నాకు ముప్పై రెండేళ్ళొచ్చేదాకా సముద్రం అంటే చెట్ల వెనక ఒక చప్పుడు. తుపాను వెళ్ళిన మర్నాడు తోట మొత్తం ఒకే దిక్కుకి తలలు పెట్టి పడుకుని ఉంది. అందరూ చెట్లు పోయాయని గుండెలు బాదుకుంటున్నారు. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే తలెత్తి చూస్తే, గోదారి సముద్రంలో కలిసే మొగా, దాని పక్కన ముక్కులా ముందుకు పొడుచుకొచ్చిన ఇసుక మేటా, దాని మీద తెల్లగా విరుగుతున్న నీళ్ళూ. అంత నష్టంలో నాకు లోలోపల సంతోషం కలిగింది. దాన్ని ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోలేని సంతోషం తప్పులాగే ఉంటుంది మనసులో.

అప్పట్నుంచీ చూస్తున్నాను. డాబా మీద ఎటూ పని ఉంటుంది. చెక్కలు, మిరపకాయలు, అప్పడాలు, ఉతికిన బట్టలు. పని చేస్తున్న ఆడదాన్ని ఏం చేస్తున్నావని ఎవరూ అడగరు. మొదట్లో ఊరికే చూసేదాన్ని. తర్వాత్తర్వాత కెరటానికీ కెరటానికీ మధ్య లెక్కపెట్టడం మొదలుపెట్టాను. బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద నడిపిస్తూ, గోడ గడియారం కొట్టుకునే వేగంతో. ఇక్కడి గాలికి లేచిన కెరటాలైతే ఆరేడు కణుపులకే ఒకదాని మీద ఒకటి పడిపోతాయి, తొందరపడే మనుషుల్లాగ. కొన్ని రోజులు మాత్రం ఇక్కడ గాలే ఉండదు, ఆకు కదలదు, అయినా దక్షిణం నుంచి పొడుగాటి గీతలు వస్తాయి. పన్నెండు, పద్నాలుగు కణుపులకొకటి. ఎక్కడో ఎవరూ చూడనిచోట వారం కిందట వీచిన గాలి అది. ఆ గాలి ఆగిపోయాక కూడా కెరటం నడుస్తూనే ఉండి ఇక్కడికొచ్చి విరుగుతుంది. నా కోపాలు కూడా అంతే. అన్నరోజున నాకేమీ అనిపించదు. ఎప్పుడో, వంకాయలు తరుగుతుంటే, పెళ్ళైన కొత్తలో మా అత్తగారన్న మాటొకటి వచ్చి తగులుతుంది.

అలాంటి పొడుగు కెరటం వాలుగా వచ్చి మేట కొనకి తగిలితే, కొబ్బరాకు నుంచి ఈనె చీరినట్టు, ఆ చివర మొదలై ఈ చివరిదాకా వరసగా విచ్చుకుంటుంది. కానీ అన్నీ కలవాలి. పోటు మీద నీళ్ళెక్కువైతే విరగకుండా మేట మీంచి జారిపోతుంది. నీళ్ళు వెనక్కి తీసే పాటు వేళ రావాలి, ఆ పాటు తెల్లవారుజామున పడాలి. అంటే పున్నానికో అమావాస్యకో నాలుగైదు రోజుల తర్వాత. గాలి నేల మీంచి సముద్రం వైపు వీయాలి. కిందటి వరద ఇసుకని కోసేసి ఉండకూడదు. ఇవన్నీ నాకెవరూ నేర్పలేదు. చెక్కలు తిరగేస్తూ ఏడేళ్ళు చూస్తే వచ్చాయి.

అంత తెలిసి ఒక్కసారీ ఒడ్డుకి వెళ్ళలేదు. మా ఇళ్ళలో పెద్దమనిషయిన ఆడపిల్ల గుమ్మం దాటితే కారో, తెర కట్టిన బండో ఉండాలి. ఇప్పుడెవరూ అంతగా పట్టించుకోరు, మా పిన్ని కూతుళ్ళు కాలేజీలకి బస్సుల్లో వెళ్తున్నారు. కానీ ఒడ్డంటే పల్లెవాళ్ళు వలలు లాగే చోటు, మగాళ్ళు గోచీలతో ఉండే చోటు. "ఆ ఇసకలో మనకేం పనమ్మాయ్," అనేవారు మా అత్తగారు సూర్యావతిగారు. నాకు పనేమీ లేదు నిజమే. పని లేనిచోటికి వెళ్ళొచ్చని నాకప్పుడు తెలీదు.

రెండువేల ఒకటిలో పలకలవాళ్ళు వచ్చారు. ఊళ్ళో వాళ్ళకా పేరు పెట్టారు. మనిషికంటే పొడుగు పలకల మీద పడుకుని లోపలికీదుకుంటూ పోయి, కెరటం లేవగానే దాని మీద నిలబడి జారుకుంటూ వస్తారు. దిండిలో హోటల్లో దిగి అక్కణ్ణుంచి జీపు మీద వచ్చేవారు, సగం రోజులు కెరటం లేక ఊరికే తిరిగిపోయేవారు. మా ఆయన వాళ్ళకి బొండాలు కొట్టించి ఇచ్చి స్నేహం చేశారు. ఒకరోజు భోజనాల దగ్గర, "పాపం, రేపొస్తారట, కెరటం ఉంటదో లేదో," అన్నారు. "రేపుండదండీ, ఎల్లుండి బావుంటది," అన్నాను. "నువ్వేమైనా వాతావరణ కేంద్రమా?" అని ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. ఎల్లుండి బావుంది. ఆ తర్వాత ఆయన నవ్వలేదు, అడగడం మొదలుపెట్టారు. ముత్యాలరాజుగారి లెక్క తప్పదని దిండిలో మా ఆయనకి పేరొచ్చింది. గోదారి దాటి నర్సాపురం వెళ్ళే పంటు మీద నీళ్ళకేసి చూడలేక కళ్ళు మూసుకుని నడిమధ్య కూర్చునే మనిషి ఆయన.

ఆ సాయంత్రం నేను డాబా మీంచి చెప్పినట్టే, మర్నాడు ఏడు లోపు పలకలవాళ్ళు వచ్చారు. ఇద్దరు విదేశీయులు, వాళ్ళతో విశాఖలో ఉద్యోగం చేసే యామిని అనే అమ్మాయి. పాతికేళ్ళుంటాయేమో, జుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకుంది, ముక్కు మీద ఎండకి తోలు లేచిపోయి ఉంది. మధ్యాహ్నం మా ఇంట్లోనే భోజనం. పులస కాలం కాదు కాబట్టి పండుగొప్ప చేపల పులుసు పెట్టాను. ఆ అమ్మాయి మా ఆయన్ని అడిగింది.

"రాజుగారూ, అంత కరెక్టుగా ఎలా చెప్పగలరండీ మీరు?"

"ఏముందండీ, చిన్నప్పట్నుంచీ సముద్రం ఒడ్డునే కదండీ. రక్తంలో ఉంటది," అన్నారు కొత్తపేటలో పుట్టినాయన. "నిన్న సాయంత్రం చూసేను కదండీ, పద్నాలుగు కణుపులొచ్చింది. అప్పుడే అనుకున్నాను."

"కణుపులా? అంటేనండీ?"

ఆయన ముద్ద కలుపుతూ ఆగిపోయారు. పద్నాలుగని రాత్రి అన్నాల దగ్గర నేనే అన్నాను గానీ, కణుపంటే ఏమిటో నేనెప్పుడూ చెప్పలేదు, ఆయనెప్పుడూ అడగలేదు. గజాలో అంగుళాలో అనుకుని ఉంటారు. "అదండీ... మా వైపు సముద్రాన్ని కణుపుల్లో కొలుస్తారండీ. కెరటం ఎత్తు," అని, "లీలా, ఇంకాస్త అన్నం పట్రా," అన్నారు. తెచ్చాను.

చెయ్యి కడుక్కునే నెపంతో యామిని వంటింట్లోకి వచ్చింది. నేను పొయ్యి దగ్గర పాలు పొంగడం కోసం చూస్తున్నాను. ఎదురుచూడాల్సి వస్తే నా బొటనవేలు దానంతటదే కణుపుల మీద నడుస్తుంది. ఆ అమ్మాయి నా చేతికేసి చాలాసేపు చూసింది.

"అది ఎత్తు కాదు కదండీ," అంది మెల్లిగా. "కెరటానికీ కెరటానికీ మధ్య టైము. మీరేనాండీ లెక్క పెట్టేది?"

ఏడేళ్ళలో నన్నొకరు కనిపెట్టడం అదే మొదలు.  "మీరెప్పుడైనా చూసేరాండీ, దగ్గర్నుంచి?" అని కూడా అడిగింది. అవునమ్మా నేనే అనడానికి ఎంతసేపు పడుతుంది? "లేదమ్మా, నాకేం తెలుస్తాయి అవన్నీ. ఆయనే చూస్తారు," అన్నాను. చాలా తేలిగ్గా వచ్చేసింది ఆ మాట. ఎవరూ నా నోరు నొక్కలేదు. ఆయన పరువు కాపాడుతున్నాననుకున్నాను. తర్వాత చాలా రోజులు ఆలోచిస్తే తెలిసింది, అది ఆయన పరువు కోసం కాదు. నాదని ఒప్పుకుంటే, ఇన్నాళ్ళూ ఊరుకున్నందుకు నాకు నేను జవాబు చెప్పాలి. అదీ భయం. యామిని, "సరేనండీ," అని గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

నెల తిరక్కుండా దిండి హోటలు వాళ్ళు మా ఆయన్ని పెట్టుకున్నారు. రోజూ పొద్దున్నా సాయంత్రం కెరటం సంగతి ఫోనులో చెప్పాలి. ఆయన పేరు మీద కార్డులు కూడా అచ్చేయించారు. ఆ రోజు నుంచి నా డాబా నాది కాకుండా పోయింది. "అంతసేపు మేడమీదేంటమ్మాయ్, ఎవరైనా చూస్తే!" అనే అత్తగారే ఒక ముక్కాలిపీట పైకి పంపించారు. "పొద్దున్న అయిదింటికే ఎక్కు, లీలా. చెక్కలు పనివాళ్ళు చూసుకుంటార్లే," అన్నారు ఆయన, ఎంతో ప్రేమగా. చెక్కలు లేకుండా డాబా మీద కూర్చోవడం ఎలాగో నాకు తెలియలేదు. కెరటం వైపు చూస్తే అంకెలే కనిపించేవి. లేత ఎండలో నీళ్ళ రంగు మారడం, దూరంగా ఒక్క తెరచాప, అవేవీ కంటికి ఆనేవి కావు, ఎవరూ అడగరు కాబట్టి. ఇంట్లో వంటిల్లు అందరిదీ, మంచం ఆయనది, పూజగది అత్తగారిది. ఒంటరిగా ఉండడానికి నాకు మిగిలింది ఆ చూపొక్కటే. అది పోయాక మాత్రం నేను నిజంగా ఒంటరిదాన్నయ్యాను.

వైశాఖంలో, పున్నమి వెళ్ళిన నాలుగోరోజు సాయంత్రం, పదహారు కణుపులొచ్చింది. మళ్ళీ లెక్కపెట్టాను. పదహారే. ఏడేళ్ళలో ఎప్పుడూ అంత రాలేదు. తెల్లవారితే పాటు. పడమటి గాలి రెండు రోజులుగా తప్పడం లేదు. కిందటేడు పెద్ద వరద రాలేదు, ఇసుక ఎక్కడిదక్కడే ఉంది. ఇక కలవాల్సిందేమీ లేదు.

"రేపెలా ఉంటదంటావ్?" కిందనుంచి.

పిట్టగోడ మీద చేతులానించాను. మాట నోటిదాకా వచ్చి ఉంది. ఇచ్చేస్తే తెల్లవారేసరికి అక్కడ జీపులుంటాయి, పలకలుంటాయి, ఆయన ఒడ్డున గొడుగు కింద నిలబడి చేత్తో చూపిస్తుంటారు. "ఏం లేదండీ," అన్నాను. "రమ్మనొద్దు." ఆయన లోపలికి వెళ్ళారు. "నా లెక్క ప్రకారం అండీ, రేపేమీ లేదండీ," అన్న మాట వినిపించింది. నా గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, గడియారం వేగం మర్చిపోయాను.

మర్నాడు ఆయన పెందలాడే అంబాజీపేట కొబ్బరి మార్కెట్టుకి వెళ్ళారు. నేను చెప్పులేసుకుని గుమ్మం దిగాను.

"ఎక్కడికమ్మాయ్?" అన్నారు అత్తగారు.

"సముద్రానికండీ."

ఆవిడ గుమ్మం దాకా వచ్చేసరికి నేను వాకిలి దాటాను. తుపాను తర్వాత నాటిన మొక్కలు నా తల దాటి పెరిగాయి. వాటి మధ్యనుంచి నడిచాను. ఇసుక మొదలయ్యాక చెప్పులు చేత పట్టుకున్నాను.

దగ్గర్నుంచి అది నాకు తెలిసిన సముద్రం కాదు. డాబా మీంచి గీతలా కనిపించేది మనిషంత ఎత్తు లేస్తోంది. లేచి, ఒక్క క్షణం ఆగేది, పలచబడిన అంచులోంచి ఎండ ఆకుపచ్చగా దిగేది. మేట కొన దగ్గర చీరుకోవడం మొదలై, నా ముందునుంచి, తొందర లేకుండా, మొగదాకా వెళ్ళిపోయేది. గాలి దాని జుట్టు వెనక్కి దువ్వుతోంది. చప్పుడు చెవుల్లోంచి కాదు, పాదాల్లోంచి ఎక్కింది. లెక్కపెట్టడానికి నా వేళ్ళు కదల్లేదు. ఎవరూ ఎక్కని కెరటాలు, ఒకదాని వెనక ఒకటి, ఏడేళ్ళ లెక్కంతా నిజమేనని చెబుతూ వచ్చి విరిగిపోతున్నాయి. ఎవరికైనా చూపించాలనిపించింది. చుట్టూ చూశాను. దూరంగా వల బాగుచేసుకుంటున్న ఇద్దరు తప్ప ఎవరూ లేరు. ఒకటి నాదని చెప్పుకోవాలన్నా వినడానికి ఒకరుండాలి. యామిని గుర్తొచ్చింది. ఆ రోజు వంటింట్లో ఆ పిల్ల అడిగింది సాయం చేద్దామని కాదు, తనకి తెలుసుకోవాలని ఉండి. అలా ఎవరూ నన్నేమీ అడగలేదు అంతకుముందు. ఎండెక్కి గాలి తిరిగేదాకా నిలబడ్డాను. చీర కుచ్చిళ్ళు తడిసి బరువెక్కాయి.

సాయంత్రం మా ఆయన అరుగు మీద కాఫీ తాగుతున్నారు. చెట్లెక్కి కొబ్బరి దింపులు తీసే అబ్బులు వచ్చి నిలబడ్డాడు.

"రాజుగారండీ, ఇయ్యాల మొగకాడ కెరటం బలే ఇరిగిందండీ. నే పుట్టాక సూళ్ళేదండీ అలాంటిది. పలకలోళ్ళు రాలేదేటండీ?"

"ఇవాళా?" అన్నారాయన.

"ఆయ్. అమ్మగారూ అక్కడే ఉన్నారు కదండీ, ఆరూ సూసేరు."

అబ్బులు వెళ్ళిపోయాడు. అత్తగారు తలుపు పక్కన నిలబడి ఉన్నారు. నేను ఒడ్డుకి వెళ్ళడం గురించి అడుగుతారనుకున్నాను. ఆయనకి దానికంటే పెద్ద కష్టం వచ్చి పడింది.

"లెక్క తప్పేవా?"

"పోన్లేరా," అన్నారు అత్తగారు. "ఆడమనిషి, రోజూ ఒకేలా ఉంటదా? పొరపాటు పడుంటది." ఆవిడ నన్ను వెనకేసుకు రావడం నేనెరిగి అదే మొదటిసారి.

ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టారు. "హోటలు వాళ్ళు ఊరుకోరు. ఇంత మంచి రోజు పోయిందని తెలిస్తే... సర్లే. మా ఆవిడ చూసి చెప్పిందండీ, ఆవిడ తప్పు చూసిందండీ అని చెప్తాను. నిజం చెప్పడానికేం," అంటూ ఫోను అందుకున్నారు.

అన్నేళ్ళూ ఆయనదైన లెక్క, తప్పయ్యేసరికి నాదైంది. ఔనండీ, పొరపాటు పడ్డాను అంటే చాలు. అత్తగారు దారి కూడా వేసి పెట్టారు. రేపట్నుంచి పీట మీద మళ్ళీ కూర్చోవచ్చు.

"తప్పలేదండీ," అన్నాను. "ఏడేళ్ళలో ఇంత మంచి రోజు రాలేదు. నిన్నే తెలుసు నాకు. తెలిసే లేదని చెప్పేను. వాళ్ళకి ఆ మాటే చెప్పండి."