ఒళ్ళు కాలే ఫ్రిజ్జులో నా కాపురం

ఆ పొద్దున ఆకాశం విరిగిన పాలలా ఉంది. తెల్లటి ముక్కలు ఒక పక్క, పల్చటి నీళ్ళు ఒక పక్క. వాన వస్తుందని చెప్పడానికీ లేదు, రాదని చెప్పడానికీ లేదు. అలాంటి పొద్దున పాత సామాన్లవాడి తోపుడుబండి మీద, బోర్లించిన బకెట్టు పక్కనుంచి, ఈ ఇంటిని మొదటిసారి చూశాను.

నేను ఒక పుల్లైసు అచ్చును. స్టీలు రేకుతో చేసినదాన్ని. వరసగా ఆరు గదులు, పైన మూత, మూతకి పుల్ల దూరేంత చీలికలు. నా గురించి చెప్పుకోవడానికి ఇంతకు మించి లేదు. మనుషుల గురించైతే కొంచెం ఉంది.

నన్ను రాజమండ్రిలో ఒక వెల్డింగు షెడ్డులో చేశారు. నన్ను కోసిన రేకులోంచే ఒక ముక్క హోటల్లో బల్ల అయింది, ఇంకో ముక్క గుడిలో హుండీ అయింది. ఒకదాని మీద జనం టీ ఒలకబోస్తారు, ఒకదాని ముందు చేతులు జోడిస్తారు. రేకు ఒకటే. తేడా అంతా మడతలో ఉంది.

తుని రోడ్డు పక్కన గంగరాజు అనే ఆయనకి ఐసు షెడ్డు ఉండేది. అక్కడ నా యవ్వనమంతా మంచులాంటి ఉప్పునీటి తొట్టిలో గడిచింది. ఆయన నాలో రంగునీళ్ళు పోసేవాడు. ఎర్రది ఏ పండూ కాదు. పచ్చది ఏ పండూ కాదు. నారింజ రంగుది మాత్రం తను నిజంగానే నారింజననుకుని కాస్త మిడిసిపడేది. పిల్లలు అవి చీకి, ఎవరి నాలుక ఎంత ఎర్రగా పండిందో ఒకళ్ళకొకళ్ళు చాపి చూపించుకునేవారు. పోసినదాన్ని గడ్డకట్టించడమే నా పని. మంచిచెడ్డలు పోసేవాడివి.

తర్వాత ఊరూరా కొట్లలో గాజుతలుపుల పెట్టెలు వచ్చాయి, వాటిలో కాగితాలు చుట్టిన ఐస్‌క్రీములు వచ్చాయి. గంగరాజు షెడ్డు మూసి కూతురి ఊరు వెళ్ళిపోయాడు. నేను పాత సామాన్ల బండి ఎక్కాను.

ఆ బండిని ఆపింది నూకరత్నం. విరిగిన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి బండి మీద పడేసి, నన్ను చేతిలోకి తీసుకుంది.

"ఇదేం చేసుకుంటావమ్మా? ఇందులో అన్నం ఉడకదు" అన్నాడు బండివాడు.

"ఉడకబెట్టను. గడ్డకట్టిస్తాను."

అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న మంగాయమ్మ ఆ మాట విని, "కట్టించు. ఆ బుర్రలో ఉన్నదెలాగూ గడ్డే" అంది.

మంగాయమ్మ నూకరత్నానికి అత్తగారు. అంతకు ముందే మేనత్త. తమ్ముడి కూతుర్నే కోడలిగా తెచ్చుకుంది కాబట్టి ఇద్దరి మధ్యా మొహమాటం లేదు. కొడుకు లారీ నడుపుతాడు, ఎప్పుడో వస్తాడు. ఇంట్లో ఉండేది వీళ్ళిద్దరూ, మంగాయమ్మ భర్త తాతారావు, మనవరాలు తనూజ.

ఆరేళ్ళ తనూజ నవ్వితే ముందు పళ్ళ స్థానంలో నాలుగు మిరియాల గింజలు కనిపించేవి. కారణం మంగాయమ్మ కొంగు. ఆ కొంగు చివర ముడిలో ఎప్పుడూ నిమ్మతొన బిళ్ళలు ఉండేవి, అప్పుడప్పుడు జీళ్ళు. పిల్ల బయట ఆడుకుని ఇంట్లోకి వస్తే తల్లి దగ్గరికి కాదు, నేరుగా ఆ ముడి దగ్గరికే వెళ్ళేది. తునిలో పళ్ళ డాక్టరు చూసి, తీపి మాన్పించకపోతే తర్వాత వచ్చే పళ్ళకి కూడా ఇదే గతి అన్నాడు.

"పాలపళ్ళే కదే, ఎలాగూ ఊడేవే" అంది మంగాయమ్మ.

"ఊడే ముందు పిల్ల ఏడుస్తోంది కదత్తా."

మంగాయమ్మ ముడి విప్పలేదు. విప్పకపోవడానికి ఆవిడ కారణం ఆవిడకుంది. మోకాళ్ళు పోయాక పొలం పని పోయింది. పొయ్యి కోడలి చేతికి వెళ్ళింది. బీరువా తాళాలూ వెళ్ళాయి. ఇక మిగిలింది ఆ ముడి ఒక్కటే. అది కూడా విప్పేస్తే పిల్ల తన దగ్గరికెందుకు వస్తుందన్నది ఆవిడ భయం. ఆ భయాన్ని ఆవిడ కోపంగా మార్చి వాడుకునేది. మనుషులు చాలామంది అంతే.

చివరికి పందెం పడింది.

"నిజం పళ్ళతో పుల్లైసు చేస్తాను. పంచదార పలుకు కూడా వెయ్యను. పిల్ల అది తింటే నువ్వు ముడి విప్పెయ్యాలి" అంది నూకరత్నం.

"తినడం తర్వాత. ముందు కట్టనీ. ఆదివారం లోపు ఒక్కటి గట్టిగా కట్టినా ముడి విప్పేస్తాను. కట్టలేదా, నా కొంగు జోలికి రాకు."

గెలుపు ఖాయమని నేననుకున్నాను. నా అనుభవమంత లేదు వాళ్ళ పందెం వయసు. వసారాలో ఉన్న ఫ్రిజ్జు పాతదే గాని మంచిదే. పైగదిలో బిగుతుగా కూర్చున్నాను. పుల్లలు తాతారావే వెదురు చీల్చి, నున్నగా గీసి ఇచ్చాడు. మాట్లాడకుండా ఇచ్చాడు. ఆయన ఏ పనైనా అంతే.

మొదట ఒక పొద్దున సపోటా గుజ్జు పోసింది. సాయంత్రం పిల్లని ఎదురుగా కూర్చోబెట్టి మూత లాగితే, గంజిలోంచి తెడ్డు వచ్చినట్టు పుల్ల ఒక్కటే వచ్చింది. తర్వాత పుచ్చకాయ. అదీ అంతే. ఆ తర్వాత తోటలో గింజలు తీసుకుని నేల మీద పారేసిన జీడిమామిడి పళ్ళు ఏరుకొచ్చి, వగరు పోవడానికి ఉప్పునీళ్ళలో నానబెట్టి, పిండి పోసింది. అడుగున కాస్త పలుకు కట్టింది గాని పైనంతా రసమే.

"బాగుందే. పుల్ల పారేసి గ్లాసులో పోసివ్వు, తాగుతాం" అంది మంగాయమ్మ.

నూకరత్నం పాళ్ళు మార్చింది. నీళ్ళు తగ్గించింది. వడకట్టి పోసింది. చివరికి నన్నే అనుమానించి, తలకిందులు చేసి తట్టి చూసింది. నాకు నోరు లేదు. ఉంటే చెప్పేదాన్ని. ఎందుకంటే లోపల కూర్చున్న నాకు కారణం మొదటిరోజే తెలిసింది.

తాతారావు మధ్యాహ్నం పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అన్నం తిని, నడుం వాల్చే ముందు ఫ్రిజ్జు డొక్క మీద చెయ్యి వేసేవాడు. పనిచేసే పాత ఫ్రిజ్జు డొక్క వేడిగా ఉంటుంది. లోపలి వేడి ఎక్కడికో ఒక చోటికి పోవాలి కదా. ఆయనకి మాత్రం అది అలిసిపోయిన ఎద్దు ఒళ్ళు. ఎండ నడినెత్తికి వచ్చాక కాడి దించకుండా ఏ రైతూ ఎద్దుని దున్నించడు. "పొద్దుట్నుంచీ మూలుగుతానే ఉంది పాపం" అని గొణిగి, బీరువా వెనక ఉన్న స్విచ్చి టక్కుమనిపించేవాడు. చల్లబడ్డాక పొలానికి పోతూ మళ్ళీ వేసేవాడు. ఎవరికీ చెప్పలేదు. ఎద్దుల కాడి దించినప్పుడు మాత్రం ఎవరికి చెప్పాడు? నీళ్ళ సీసాలు, పెరుగు గిన్నె ఆ కాస్త సేపటికి చల్లదనం పోగొట్టుకునేవి కావు. కరిగిపోయేది నా గదుల్లో ఉన్నదే; దాన్ని సాయంత్రమే తీసేసేవారు గాని రాత్రంతా ఉంచేవారు కాదు.

ఆదివారం వచ్చింది. ఆ పొద్దున తనూజ బుగ్గ ఒకవైపు వాచి లేచింది. గట్టిదేదీ నమలలేదు, వేడిదేదీ తగలనివ్వదు. జావ ఇస్తే ఏడ్చింది, పాలు ఇస్తే ఏడ్చింది. నూకరత్నం రసాల మామిడిపళ్ళు పిసికి, టెంకలు తీసి, గట్టి పెరుగు కలిపి నాలో పోసింది. చల్లగా మెత్తగా ఏదైనా ఉంటే పిల్ల మింగుతుందని ఆమె ఆశ. తునికి మాత్రల కోసం బయల్దేరుతూ, తలుపు మూసి అత్తవైపు తిరిగింది.

"ఇవాళైనా దీన్ని తెరవకత్తా."

"నేనెప్పుడు తెరిచానే?"

"నేను చూళ్ళేదు. కట్టకపోతే ఎవరికి లాభవో మాత్రం తెలుసు."

మంగాయమ్మ జవాబు చెప్పలేదు. ఆవిడ జవాబు చెప్పకపోవడం ఆ ఇంట్లో నేను అదే మొదటిసారి వినడం.

మధ్యాహ్నం తాతారావు వచ్చాడు, తిన్నాడు. చెయ్యి వేశాడు. టక్. నా చుట్టూ ఉన్న మూలుగు ఆగిపోయింది. ఆయన మంచం కిర్రుమంది, గురక మొదలైంది.

అప్పుడు మోకాళ్ళ చప్పుడు వినిపించింది. మంగాయమ్మ గడపలో నిలబడి అంతా చూసినట్టుంది. ఫ్రిజ్జు దగ్గరికి వచ్చి ఆగింది. ఆవిడ నోట్లో నిమ్మతొన ఉంది. అది పళ్ళకి తగిలే చిన్న చప్పుడు తలుపు ఇవతలికి కూడా తెలుస్తోంది. ఊరుకుంటే చాలు, సాయంత్రానికి పందెం ఆవిడది. కరిగించేది తను కాదని ఇప్పుడు సాక్ష్యంతో సహా తెలిసింది కూడా. లోపలి గదిలో పిల్ల ఏడవలేక మూలిగింది. నిమ్మతొన చప్పుడు ఆగింది.

టక్.

ఫ్రిజ్జు ఒళ్ళు విరుచుకుని మళ్ళీ మూలగడం మొదలుపెట్టింది. పీట ఈడ్చిన చప్పుడు. మంగాయమ్మ బీరువా పక్కనే స్విచ్చికి అడ్డంగా కూర్చుని మునగాకు దూయసాగింది.

కాసేపటికి తాతారావు లేచాడు.

"ఇది మళ్ళీ తిరుగుతోందేటి?"

"తిరగనీ."

"ఒళ్ళు కాలిపోతోందే దానికి. ముట్టుకుని చూడు."

"నాకూ కాలిపోతోంది. నలభై ఏళ్ళుగా నన్నెప్పుడైనా ఆపావా?"

తాతారావు ఆలోచించాడు. తలపాగా దులుపుకుని పొలానికి వెళ్ళిపోయాడు.

నూకరత్నం వచ్చేసరికి పొద్దు వాలింది. పిల్లకి మాత్ర వేసి, భయపడుతూ నన్ను బయటికి తీసి, నీళ్ళ గిన్నెలో ఒక్క క్షణం ముంచి, పుల్ల పట్టుకుని లాగింది. నా గది గట్టిగా ఊపిరి పీల్చినట్టు చప్పుడైంది. నిండుగా, పసుప్పచ్చగా, పొగలు కక్కుతూ పుల్లైసు బయటికొచ్చింది. తనూజ ముందు దాన్ని వాచిన బుగ్గకి ఆనించుకుంది. తర్వాత నాకింది. మళ్ళీ ఏడవలేదు. తినేసి చెయ్యి చాపి ఇంకోటి అడిగింది.

"పెరుగు వేశాను కదా, అందుకే కట్టింది" అంది నూకరత్నం, ఎవరితోనూ కాకుండా.

మంగాయమ్మ మునగాకు ఈనెలు ఏరుతోంది.

అరుగు మీద కాళ్ళు తుడుచుకుంటున్న తాతారావు, "ఇవాళ దానికి నిద్ర లేదు. మీ అత్త కాపలా కూర్చుంది" అన్నాడు.

"దేనికి మావయ్యా?"

"ఫ్రిజ్జుకి. రోజూ మధ్యాన్నం నేను ఆపుతాను కదా."

"రోజూనా?"

"ఎద్దునైతే ఆపవా?"

నూకరత్నం ఆయన వైపు చూడలేదు. అత్త వైపు చూసింది. మంగాయమ్మ లేచి, కొంగు ముడి విప్పి, ఉన్న నిమ్మతొనలన్నీ భర్త అరచేతిలో పోసింది.

"నువ్వు తిను. నీకెలాగూ పళ్ళు లేవు."

ఆ ఇంట్లో క్షమించమని అడగడం ఎవరికీ రాదు. ఆ మాట ఆ వంశంలో ఎవరూ వాడినట్టు లేదు. నూకరత్నం నన్ను కడిగి చూరు కింద బోర్లించి, పొయ్యి దగ్గరికి వెళ్ళింది. అన్నం వార్చింది, చేపల పులుసు దించింది. నలుగురూ వసారాలో వరసగా కూర్చున్నారు. తనూజ వెళ్ళి మంగాయమ్మ మోకాలిని ఆనుకుని కూర్చుంది. పిల్లకి మెత్తటి అన్నం, మునగాకు పప్పు. ఆనుకోమని ఎవరూ పిలవలేదు, తీపేదీ చూపించలేదు.

చేప తలకాయ ఎప్పుడూ తాతారావు కంచంలోకే వెళ్తుంది. ఆ రోజు నూకరత్నం గరిటెతో దాన్ని తీసి, మంగాయమ్మ కంచంలో పెట్టింది. మంగాయమ్మ వద్దనలేదు. తాతారావు ఖాళీ కంచం ఒకసారి చూసుకుని, తోక ముక్కతో సరిపెట్టుకున్నాడు. లోపల ఫ్రిజ్జు తన పని తను చేసుకుంటోంది. నా అంచు మీద నుంచి నీటి చుక్క ఒకటి రాలింది. మంగాయమ్మ చేప కంటి దగ్గరి మెత్తటి కండ వేళ్ళతో ఒలిచి, ముల్లు లేదని రెండుసార్లు చూసి, పిల్ల నోట్లో పెట్టింది. నూకరత్నం అత్త కంచంలోకి ఇంకో గరిటె పులుసు వంపింది. నలుగురూ తిన్నారు.