వైసన్‌తో పాతిన పానా

మళ్ళీ నీలం రంగే, పోయినేడాదీ ఇదే పూశారు, చుక్క నీరు రాని పంపుకి ఈ సోకులేమిటో, దీన్ని వేయించిన సంస్థవాళ్ళు మధ్యాహ్నానికి వస్తారట, పంపు వేసి పదేళ్ళయిందని పండగట, ఆడవాళ్ళం వరసగా నిలబడి పాడాలట, ఎనెలేసీ, అందుకోవే, నీదే పెద్ద గొంతు అంటూ పక్కనున్న నాగామా నన్ను మోచేత్తో పొడుస్తోంది, పాటెక్కడొస్తుంది, నా కూతురు తియామికే మూడు రోజులుగా కలరా గుడారంలో పడి ఉంది, ఏటి నీళ్ళు తాగి, మోసుకొచ్చిందాన్ని నేనే, మొసళ్ళకి భయపడి ఒడ్డునే గబగబా ముంచుకున్న బురద నీళ్ళు, థూ, అటుపక్క మా ఊరి పెద్ద చిమ్వాజా అతిథులకని కోడి కూర వండిస్తున్నాడు.

పొద్దున్నే చిమ్వాజాని అడిగాను కదా, పెద్దాయనా, అరిగింది వేలెడు రబ్బరు ముక్కేగా, బజార్లో దొరుకుతుందిగా, బాగుచేసుకుందాం అని, పిచ్చిదానా, ఇది బాగైతే వాళ్ళు కొత్తదెందుకిస్తారే, ముందు కూర తిననీ, తర్వాత అడుగుదాం అన్నాడు, అయినా పానా నీ మొగుడు పట్టుకుపోయాడుగా, వెళ్ళి అడుగు పో అన్నాడు పక్కనున్నవాడు, అందరూ పగలబడి నవ్వారు, నవ్వడానికి వాళ్ళకి నోళ్ళెలా వచ్చాయో, సంస్థవాళ్ళు మరమ్మతు నేర్పింది మా ఆయన వైసన్ ఒక్కడికే, ఇచ్చింది ఒక్కటే పానా, ఆ పంపుకి ఇంకేదీ పట్టదు, పోయినవాడి పనిముట్టు వాడితోనే పోవాలి, లేదంటే వెతుక్కుంటూ ఇంటికొస్తాడు అన్నారు ముసలాళ్ళు, చేపలవాడి గోతిలో వల పెట్టినట్టే ఇతని గోతిలో పానా పెట్టాం, ఊరంతా గుండెలు బాదుకున్నాం, నీళ్ళ సంగతి ఒక్కరికైనా తోచలేదు.

జీపొచ్చింది, దుమ్ము, చప్పట్లు, ఛీ, నేనూ పాడుతున్నాను, తిన్నారు, చేతులు కడిగారు, ఏటి నీళ్ళతోనే, కళ్ళద్దాల పిల్ల పంపు నిమిరి దీన్ని బాగుచేసేదెవరు అని అడుగుతోంది, ఆ మనిషి చచ్చిపోయాడమ్మా, మాకిక దిక్కులేదు, కొత్తదివ్వండి అని చిమ్వాజా చేతులు నలుపుతున్నాడు, వానలు వెలిశాక చూద్దాం అంటూ ఆ పిల్ల రాసుకుంటోంది, వానలు వెలిశాకా, అప్పటికి గుడారంలో ఇంకెంతమంది, చచ్చిపోయాడట, ఎనిమిదేళ్ళు గొట్టాలు పట్టుకున్నదెవరు, తాగొచ్చిన రోజుల్లో అతన్ని కూర్చోబెట్టి విప్పిందెవరు, రబ్బరు ఎటు తిప్పి వేయాలో చెప్పిందెవరు, నేను కాదూ, అతని కుడిచేతి పక్కన దాన్ని పెట్టిందీ నేనే, పెట్టి వచ్చి రెండేళ్ళుగా దిక్కులేదని ఈ మందతో కలిసి ఏడుస్తున్నాను, సిగ్గులేనిదాన్ని, ఆ పానా నాది, నేనింకా బతికే ఉన్నాను, పార పట్టుకెళ్ళి తెచ్చుకుంటాను.