కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు

"నడుం వాల్చడాన్ని కూడా యోగా అంటే ఇక పని చేసేదెవరమ్మా?"

హాల్లో చాప మీద వెల్లకిలా పడుకున్న కోడల్ని చూసి రాజరాజేశ్వరి నవ్వుతూనే అంది. ఆవిడ మాటలన్నీ అలా నవ్వుతూనే వస్తాయి. ప్రవీణ కళ్లు తెరిచి గడియారం చూసుకుంది. పడుకుని నాలుగు నిమిషాలు. శవాసనంలో పది నిమిషాలు కదలకూడదని పుస్తకంలో ఉంది. చుట్టూ నిశ్శబ్దంగా ఉండేలా చూసుకోవాలనీ, ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి ఉంచాలనీ కూడా రాసింది ఆ రచయిత్రి. ఆవిడ ఇంట్లో ఎవరుంటారో, చెబితే వింటారో. ఇక్కడ కుక్కర్ మూడో కూత వేసింది. కూతురు బుజ్జి ఒక సాక్సు కనబడడం లేదని ఏడుపు మొదలుపెట్టింది. భర్త శ్యామ్ బాత్రూమ్‌లోంచి "టవలూ" అని కేకేశాడు. ప్రవీణ లేచి చాప చుట్టేసింది. శవానికైనా ఇంతకంటే ఎక్కువసేపు పడుకునే వీలుంటుంది అనుకుంది.

నిజానికి ఆమె సరదాకి పడుకోలేదు. అది ఆఫీసు పని. రాయదుర్గంలో మెట్రో ఆఖరి స్టేషన్ పక్క టవర్లో, పదకొండో అంతస్తులో ఆమె ఉద్యోగం. విదేశాల్లో ఆన్‌లైన్లో పుస్తకాలమ్మే ఒక కంపెనీకి అక్కడినుంచి వెబ్‌సైట్ పేజీలు రాసిపెడతారు. ప్రవీణ తయారుచేసేవి సిఫారసు జాబితాలు. కొత్తగా కుక్కని పెంచుకునేవాళ్లు చదవాల్సిన పది పుస్తకాలు, కొత్తగా రిటైరైనవాళ్లు చదవాల్సిన పది పుస్తకాలు. జాబితా కింద ఎమిలీ అనే పేరూ, నవ్వుతున్న తెల్లమ్మాయి ఫొటో ఉంటాయి. ఎమిలీ అనే మనిషి ఎక్కడా లేదు. ప్రవీణ ఉంది గానీ ఆమె పేరు ఉండదు. ఆరేళ్లలో దానికీ అలవాటుపడిపోయింది.

ఈసారి జాబితాకి ఇచ్చిన అంశాలు చూసి మాత్రం మేనేజర్ మహేశ్ దగ్గరికి వెళ్లింది. "యోగా సరే, ఈ విచ్‌క్రాఫ్ట్ ఏంటి మహేశ్?"

"నేచర్ బేస్డ్ మేడమ్. చెట్లు, ఆకులు, చందమామ, గిట్ల. మస్తు ట్రెండింగ్ల ఉంది అక్కడ. ఫికర్ చేయకుండ్రి, డ్రాఫ్ట్ ఏఐతోని కొట్టించెయ్యుండ్రి. మీరు జర హ్యూమన్ టచ్ ఇస్తే చాలు."

హ్యూమన్ టచ్. ప్రవీణకి నవ్వొచ్చింది. పెళ్లయిన పదహారేళ్లనుంచీ ఆమె ఇస్తున్నది అదే. బట్టలు మెషీన్ ఉతుకుతుంది, తీసి ఆరేసి మడతపెట్టి ఎవరి అలమారలో వాళ్లకి సర్దడం హ్యూమన్ టచ్. కూరగాయలు యాప్‌లో వస్తాయి, కుళ్లినవి ఏరడం హ్యూమన్ టచ్. "నీకేం, అన్నిటికీ మెషీన్లున్నాయి" అని శ్యామ్ అన్నప్పుడల్లా ఈ మాట చెప్పాలనుకుంటుంది. చెప్పే ఓపిక ఉండదు.

అయినా పుస్తకాలు చదివింది. కంపెనీ పంపిన నమూనా కాపీల్లో ఒకటి ఇంటికి కూడా తెచ్చుకుంది. అట్ట మీద చందమామ, దాని చుట్టూ ఆకులు. అందులో భయపెట్టేదేమీ లేదు. పెరట్లో మొక్కల్ని గుర్తుపట్టడం, ఏ ఆకు ఏ నొప్పికో తెలుసుకోవడం, పౌర్ణమినాడు కాసేపు ఒంటరిగా కూర్చోవడం. ఇంతేనా అనిపించింది, వెంటనే ఇంత కూడా నాకు లేదే అనిపించింది. ఆ ఊపులో జాబితాకి ముందుమాటగా ఒక వాక్యం రాసింది: మంత్రగత్తె అనే మాటకి భయపడకండి, అది తెలివైన ఆడదానికి పాత పేరు. మహేశ్ "సూపర్ లైన్ మేడమ్" అన్నాడు. చాన్నాళ్లకి తన పని తనకే నచ్చింది.

ఆకుల సంగతి ఇంట్లో ముందే ఉంది. పనిచేసే రుక్కమ్మకి యాభై దాటాయి, పక్క జిల్లా మనిషి, మణికొండ పాత ఊళ్లో కిరాయికి ఉంటుంది. రాజరాజేశ్వరి మోకాళ్ల నొప్పులు చూడలేక ప్రవీణే ఒకరోజు అడిగింది, నీకేమైనా తెలుసా అని. మర్నాడు రుక్కమ్మ చెరువు దిక్కునుంచి వావిలాకు తెచ్చి, నీళ్లలో మరిగించి కాపడం పెట్టింది. నెలరోజుల్లో ఆవిడ లిఫ్టు దిగి పార్కు దాకా నడిచింది. "నీ చేతిలో ఏదో ఉందే రుక్కమ్మా" అని మురిసిపోయింది కూడా. మిగిలిన ఆకుల్ని రుక్కమ్మ ఎర్ర గుడ్డపీలికతో కట్టకట్టి వెనక బాల్కనీలో ఆరబెట్టేది.

సోఫా మీద ఆ పుస్తకం చూసి, దాని పేరు చదివి శ్యామ్ పెద్దగా నవ్వాడు. "అమ్మా, నీ కోడలు మంత్రగత్తె కోర్సులో చేరింది. జాగ్రత్త." రాజరాజేశ్వరి నవ్వలేదు. పుస్తకం తిరగేసి, ఆకుల కట్టలూ కొవ్వొత్తులూ ముగ్గుల్లాంటి గీతలూ ఉన్న బొమ్మలు చూసి, మూసి, చీర అంచుకి చేతులు తుడుచుకుంది.

వారం తిరక్కుండా ఆవిడ స్నానాల గదిలో కళ్లు తిరిగి పడిపోయింది. కుడిచేతి మణికట్టు విరిగింది. ఆస్పత్రిలో బీపీ చూసి డాక్టరు అడిగితే, మోకాళ్లు బాగయ్యాయి కదా ఇక మందులెందుకని మూడు వారాలుగా మాత్రలు వేసుకోవడం లేదని ఆవిడే చెప్పింది. "దానివల్లే పడ్డారమ్మా" అన్నాడాయన. అప్పుడు మంచం పక్కన ప్రవీణా, శ్యామ్ ఇద్దరూ ఉన్నారు.

ఇంటికి వచ్చాక ఆ మాట ఎటు పోయిందో పోయింది. పలకరించడానికి వచ్చిన పార్కు స్నేహితురాళ్లకి రాజరాజేశ్వరి వేరే కథ చెప్పింది. "ఏవిటోనమ్మా, ఇంట్లోకి ఆ పుస్తకం వచ్చింది, పనిదేమో ఎర్రగుడ్డలో ఆకులు కట్టి వేలాడదీసింది. నా పేరు మీద ఏం చదివారో ఏవిటో." మర్నాటికి అపార్ట్‌మెంటు గ్రూపులో మెసేజ్. బి బ్లాక్ ఐదో అంతస్తులో చేతబడి సామాన్లు దొరికాయట, నిజమేనా? సాయంత్రం బుజ్జి స్కూలు బ్యాగు దింపకుండానే అడిగింది, "అమ్మా, నువ్వు విచ్‌వా? బస్సులో అందరూ అంటున్నారు."

ఆ మరుసటి ఉదయం రుక్కమ్మ రాలేదు. ప్రవీణ గిన్నెలు ముందేసుకుని ఫోన్ చేస్తే ఎత్తలేదు.

"ఆవిడ రాదు. గేటు పాస్ క్యాన్సిల్ చేయించాను" అన్నాడు శ్యామ్ కాఫీ తాగుతూ. "సెక్రటరీ చలపతిరావుగారితో మాట్లాడాను. పుస్తకం ఆఫీసుదని, ఆకులూ గట్రా అంతా పనిమనిషి చేసిన తతంగమని చెప్పాను. అసలు నీ పేరే రాకుండా చూశాను, తెలుసా?"

థాంక్స్ కోసం ఆగినట్టు ఆగాడు. ప్రవీణ చేతినిండా సబ్బునురుగు. "డాక్టరుగారు మీ ముందే చెప్పారు కదండీ, మాత్రలని."

"చెప్పారు. ఇప్పుడు అమ్మదే తప్పని ఊరంతా చాటాలా? పెద్దావిడ. రుక్కమ్మకేం, ఇంకోచోట దొరుకుతుంది పని."

ఆఫీసుకి వెళ్లాల్సిన మనిషి ఆరోజు పాత ఊళ్లోకి వెళ్లింది. రేకుల గది ముందు కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది రుక్కమ్మ. ప్రవీణని చూసి అటూ ఇటూ చూసింది.

"ఎందుకొచ్చినవమ్మా? నిన్ను ఈడ చూస్తే ఇంకింత మాట్లాడ్తరు. లోపలికి రా."

లోపల కుర్చీ వేసి, తను గడప మీద కూర్చుంది. రుక్కమ్మే మొదలుపెట్టింది, ఎవరికో చెబుతున్నట్టు, తలుపు వైపు చూస్తూ.

"మా పెద్దమ్మకు ఆకులు తెల్సు. ఆమెనే నాకు నేర్పింది. కాన్పులు గుడ చేసేది. ఊరంత ఆమె కాడికే వచ్చేటోళ్లు. ఒకపారి ఒక పసిపిల్లకు జ్వరమొచ్చింది. పసరు పోసింది. పిల్ల దక్కలె. ఇగ అప్పుడన్నరు, మంత్రాలు చేస్తదని. చేతులు కట్టేసి నోట్ల పండ్లు పీకిన్రు. పండ్లు లేకుంటే మంత్రం పలకదంట. నేనప్పుడు మీ బుజ్జమ్మంత ఉంటి." రుక్కమ్మ గొంతు ఎక్కడా మారలేదు. "అటెన్క పన్నెండేండ్లు బతికింది, జొన్న గట్క తాగుకుంట. ఒక్కనాడు మాట్లాడలె. నా పెనిమిటికి గుడ ఈ ముచ్చట చెప్పలే నేను. నువ్వు నా దిక్కు మాట్లాడకమ్మా. నీ మీద పడ్తది."

రుక్కమ్మతో ఏం చెప్పి వచ్చిందో ప్రవీణకి గుర్తులేదు. ఆఫీసుకి మధ్యాహ్నం చేరి, ముందుగా ఆ జాబితా తెరిచింది. ముందుమాటలో తన వాక్యం. ఎంత తేలిగ్గా రాసింది! భయపడకండి అని ఎవరు ఎవరికి చెబుతున్నారు? మంత్రగత్తె అన్న మాట పుస్తకం కొనుక్కునేవాళ్లకి కొవ్వొత్తి వాసనలా ఉంటుంది, మరోచోట అదే మాట ఒక మనిషి నోరు మూయించింది. వాక్యం తీసేసింది. "అయ్యో మేడమ్, గదే హైలైట్ కదా!" అన్నాడు మహేశ్. "ఏమీ తెలియకుండా రాశాను" అంది. అతనికి అర్థం కాలేదు.

ఆదివారం పొద్దున క్లబ్‌హౌస్‌లో అసోసియేషన్ మీటింగ్. "నువ్వు రావద్దులే, నేను చూసుకుంటాను" అన్నాడు శ్యామ్. ఇడ్లీలు దించి, అత్తగారికి తినిపించి, మాత్ర వేసి, ప్రవీణ వెళ్లింది. నీళ్ల ట్యాంకర్ల మీద గంట నడిచాక, సెక్రటరీ చలపతిరావు గొంతు సవరించుకుని, బి బ్లాక్ సమస్య తీరిపోయింది, ఆ పనావిణ్ణి ఇక లోపలికి రానివ్వం అన్నాడు.

ప్రవీణ లేచి నిలబడింది.

"పుస్తకం నాదండీ. ఆఫీసు పనికోసం నేనే తెచ్చుకున్నాను. ఆకులు మా అత్తయ్యగారి మోకాళ్లకి, నేనడిగితేనే రుక్కమ్మ తెచ్చింది. అత్తయ్యగారు పడింది బీపీ మాత్రలు మానేసినందుకు. డాక్టరుగారు ఆ మాట చెప్పినప్పుడు మా ఆయన నా పక్కనే ఉన్నారు."

అందరూ శ్యామ్ వైపు తిరిగారు. "అంతేనా శ్యామ్‌గారూ?" అన్నాడు చలపతిరావు.

శ్యామ్ చిన్నగా నవ్వాడు, తల్లి నవ్వే. "అంటే... అలా కాదు సార్. తనకి ఈమధ్య ఆఫీసులో కొంచెం స్ట్రెస్ ఎక్కువైంది."

ముందు వరసలో నలుగురు జాలిగా తలలాడించారు. "కూర్చోండమ్మా, కమిటీలో చర్చిద్దాం" అన్నాడు సెక్రటరీ. ఆ జాలి ముఖాల్ని చూస్తూ ప్రవీణ నిలబడే ఉంది. పళ్లు పీకకుండా కూడా నోరు పలకకుండా చెయ్యొచ్చని, దానికి చేతులు కట్టేయనక్కర్లేదని, అది ఒక ఇంగ్లీషు మాటతో నవ్వుతూ చేస్తారని ఆమెకి అప్పుడు తెలిసింది. పదహారేళ్లు తను ఓపిక అనుకున్నది ఏమిటో కూడా తెలిసింది.

ఇంటికి వచ్చాక శ్యామ్ గంటసేపు పరువు గురించి మాట్లాడాడు. ప్రవీణ బాల్కనీలోకి వెళ్లి రుక్కమ్మకి ఫోన్ చేసింది. ఈసారి ఎత్తింది.

"మీటింగ్‌లో చెప్పాను రుక్కమ్మా. వాళ్లు వినలేదు. అయినా నువ్వు రావాలి."

"అందరి ముంగట చెప్పినవా? లేసి నిలబడి?"

"ఆ."

"మా పెద్దమ్మకు గట్ల చెప్పేటోళ్లు ఒక్కరు లేకుండె. ఎప్పుడు రమ్మంటవు?"

"రేపు పొద్దున. పనికి కాదు."

సోమవారం పొద్దున ఎనిమిదికి ప్రవీణ గేటు దగ్గరికి దిగింది. సింకులో గిన్నెలు అలాగే ఉన్నాయి. "ఇవెవరు తోముతారు?" అని శ్యామ్ అడిగితే, "మీరు తోమండి" అని చెప్పి వచ్చింది. అంత చిన్న మాట నోట్లోంచి రావడానికి ఇన్నేళ్లు పట్టిందని లిఫ్టులో అనుకుంది. కోపంగా కూడా లేదు. అలసటగా ఉంది, అంతే. కానీ ఇది వేరే అలసట, బరువు దించాక భుజాల్లో మిగిలేది.

రుక్కమ్మ ఉతికిన చీర కట్టుకుని, చేతిలో ఆకుల సంచితో గేటు బయట నిలబడి ఉంది. గార్డు అడ్డం వచ్చాడు. "మేడమ్, పనోళ్ల లిస్టుల ఈమె పాస్ బంద్ చేసిన్రు. నేను పంపొద్దు."

"పనికి రాలేదు. మా ఇంటికి గెస్ట్. గెస్టుల రిజిస్టర్లో రాయి."

అతను రుక్కమ్మని చూశాడు, ప్రవీణని చూశాడు. రిజిస్టరు తెరిచి పేరు రాశాడు, ఫ్లాట్ నంబరు రాశాడు, పెన్ను ఆపాడు. వెనక కార్లు ఆగి హారన్లు కొడుతున్నాయి. మొదటి కారులో చలపతిరావు అద్దం దించి చూస్తున్నాడు.

"ఏమైతరని రాయాలె మేడమ్?"

"టీచరు" అంది ప్రవీణ, ఆయనకి కూడా వినపడేలా. "ఆకుల గురించి నేర్చుకుంటున్నాను. రోజూ వస్తారు."