పద్దెనిమిది మంది చెక్కిన బాట

శవాన్ని గేటు బయట ఆపిన రోజు నేను గేటు లోపల ఉన్నాను. అందుకే ముందే చెబుతున్నాను, ఈ కథలో నన్ను మంచివాళ్ల లెక్కలో వేయకండి.

ఎంకపల్లి నుంచి బొందలగడ్డకు, అంటే ఊరి శ్మశానానికి, తాతలనాటి బాట ఉంది. దాని చుట్టూ ఉన్న పొలాలు కొని శశిధర్ రిసార్టు కట్టాడు. భిక్షం పోయిన వారమే బాటకు అడ్డంగా ఇనుప గేటు పెట్టించాడు. అతని పాడె వచ్చి ఆ గేటు ముందు ఆగింది. లోపల కాపలా ఉన్న వాచ్‌మన్ కుర్మయ్య, భిక్షం సొంత తమ్ముడు.

"తియ్యి కుర్మయ్యా, మీ అన్ననే వచ్చిండు," అన్నది భిక్షం భార్య సంగమ్మ.

"చాబీ సార్ దగ్గరున్నది వదినా. నా చేతుల లేదు," అని కుర్మయ్య గేటు పట్టుకుని ఏడ్చాడు.

మిట్టమధ్యాహ్నం దాకా ఎండలో నిలబడి, చివరికి పాడెనెత్తుకుని చేవెళ్ల రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి పోయారు. రిసార్టులోని నా షెడ్డు కిటికీలోంచి నేనంతా చూశాను. చేతిలో రంగు రోలర్ ఉంది. రంగు ఆరిపోతుందని మళ్లీ పనిలో పడ్డాను. ఆ సిగ్గు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

నా పేరు ప్రేమ్ కుమార్. చెక్క మీద బొమ్మ చెక్కి, రంగు పూసి, కాగితం మీద అచ్చు తీయడం నా పని. ఒక్క చెక్క నుంచి వందల అచ్చులు వస్తాయి, ఇది పేదవాడి గోడకు చేరే కళ అని హైదరాబాద్‌లో ఉపన్యాసాలిచ్చేవాణ్ణి. అవి విని శశిధర్ నాకు షెడ్డు ఇచ్చాడు. గేటు రాకముందు, అతని దగ్గర పనిచేసే పద్దెనిమిది మందిని కూర్చోబెట్టి, ఒకే పెద్ద చెక్క మీద తలా జానెడు చెక్కించాను. తోటపని చేసే సంగమ్మ, కుర్మయ్య, వంటమనిషి ఝాన్సీ, అందరూ ఉన్నారు. ఏం చెక్కుదామంటే అందరూ ఆ బాటే అన్నారు.

ప్రెస్సు లేదు కనుక కాగితం పరిచి కాళ్లతో తొక్కాలి. కాగితం మీద కాలు పెట్టడానికి ఎవరూ ఒప్పుకోలేదు. సంగమ్మే దాన్ని కళ్లకద్దుకుని, "సరస్వతమ్మా, మాకు కాళ్లతోనే రాసుడొచ్చింది, ఏమనుకోకు," అని ఎక్కి తొక్కింది.

ఇంటికొక అచ్చు ఇస్తానని మాట ఇచ్చాను. పది తీసేసరికి శశిధర్ వచ్చాడు.

"ఊరంతా పంచితే వాల్యూ ఏముంటది ప్రేమ్? పది చాలు. సిటీల ఎగ్జిబిషన్ పెడదం. నీ పేరొస్తది."

మా వృత్తిలో ఒక ఆచారముంది. అనుకున్నన్ని అచ్చులు తీశాక, ఇంకెవరూ తీయకుండా చెక్కను ఉలితో గీసి పాడుచేస్తారు. ఆ పది కాగితాల కింద నా ఒక్కడి పేరే రాసుకున్నాను. ఉలి తీసుకుని చెక్కను ఈ మూల నుంచి ఆ మూలకు చీల్చాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు.

భిక్షం దినాలైన మర్నాడు సంగమ్మ పదిమందితో షెడ్డుకు వచ్చింది.

"ఆ చెక్క ఇయ్యి బిడ్డా. ఆడ బాటనే లేదంటున్నరు మండలాఫీసోళ్లు. అచ్చులు తీసి మొయినాబాద్ల, చేవెళ్లల గోడ గోడకు అతికిస్తం."

చెక్క తిప్పి చూపించాను. ఆమె గీత వెంబడి వేలుతో తడిమింది.

"ఎవలు జేసిండ్రు గిది?"

"నేనే అవ్వా."

"శశిధర్ బాట మీద గేటు పెట్టిండు. నువ్వు చెక్క మీద పెట్టినవ్. మీ ఇద్దరికి ఏం ఫరక్?"



ఆ సాయంత్రం సంగమ్మ వాకిట్లో ఊరు కూడింది, నేనూ వెళ్లాను. "వీన్ని ఎల్లగొట్టున్రి, మళ్ల అమ్ముకుంటడు," అని ఆటో నడిపే జగదీశ్ నా మీదికొచ్చాడు. నౌకరీలు పోతాయని కొందరు గొణిగారు. ఝాన్సీ లేచింది.

"చెక్క పోతే పోయింది, చేతులు మనయే గదా. మళ్ల చెక్కుదం."

"నా నౌకరి పొద్దుగాలనే ఇడిసిన," అన్నాడు కుర్మయ్య. "మా అన్నను ఆపిన గేటు ఎట్లుంటదో నాకెరుక. అది నేను చెక్కుత."

సంగమ్మ నా వైపు చూసింది. "నువ్వు ఉలి ముట్టకు. రంగు కలుపు."

కలిపాను. రెండు రోజుల్లో ఆ పద్దెనిమిది మందీ కొత్త చెక్క చెక్కేశారు. నాలుగు వందల అచ్చులు తొక్కారు, కింద ఎవరి పేరూ లేదు. ఎంకపల్లిలో ఇంటింటికీ, మొయినాబాద్ షేర్ ఆటోల వెనకా, చేవెళ్ల గోడల మీదా ఆ బాట కనబడింది. నా ఉపన్యాసం మొదటిసారి నిజమైంది, అదీ నేను నోరు మూసుకున్నాక.

సోమవారం మూడు వందల మంది ఆ కాగితాలు పట్టుకుని గేటు ముందుకు వచ్చారు. పోలీసు వ్యాన్ కూడా వచ్చింది.

"లేని బాట ఉన్నదని జనాన్ని రెచ్చగొడుతున్నరు," అన్నాడు ఎస్సై. "ఇది చేసినోడెవడు? వాడొక్కడు వస్తే మిగిలినోళ్లు ఇండ్లకు పోవచ్చు."

నేను ముందుకు నడిచాను. జైలుకు పోతేనన్నా గుండె బరువు దిగుతుందనుకున్నాను.

"నేనే సార్. ఇది నా ఒక్కడి పని."

సంగమ్మ నా రెక్క పట్టి వెనక్కి గుంజింది.

"అప్పుడు పేరు నీదొక్కనిదే అంటివి. ఇప్పుడు కేసు గూడ నీదొక్కనిదేనా? జరుగు." ఎస్సై ముందు కాగితం విప్పి వేలు పెట్టింది. "గీ పాడె నాది సార్. నా మొగనిది. నేనే చెక్కిన, రాసుకో."

"ఆ పైన మొగులు నాది," అన్నది ఝాన్సీ, కాగితంలో ఆకాశం చూపిస్తూ.

కుర్మయ్య పోయి వ్యాన్ ఎక్కాడు. ఒకరి వెనక ఒకరు పద్దెనిమిది మందీ ఎక్కారు. చివరికి నేను మిగిలాను.

"నువ్వేం చెక్కినవ్?" అన్నాడు ఎస్సై.

"ఏం లేదు సార్. రంగు కలిపిన."

"అది గూడ రాసుకో సార్," అని సంగమ్మ లోపలినుంచి కేకేసి, కొంచెం జరిగి నాకు చోటిచ్చింది.

ఎక్కాను. వ్యాన్ జాలీలోంచి చూస్తే, బయట మిగిలిన జనం గేటు ఊచలు పట్టుకుని ఊపుతున్నారు. పై మడతబందు అప్పటికే ఊడింది.